ఆర్డర్లున్నా డబ్బు చాలడం లేదంటే: అప్పు తేవాలా, వాటా అమ్మాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. రెండేళ్లుగా ఒక చిన్న తయారీ యూనిట్ నడుపుతున్నారు. ఆర్డర్లు పెరుగుతున్నాయి, లెక్కల్లో లాభం కనిపిస్తోంది. అయినా నెలాఖరు వచ్చేసరికి జీతాలకూ ముడిసరుకుకూ వెతుక్కోవలసి వస్తోంది. బ్యాంకు తాకట్టు అడుగుతోంది. తెలిసినాయన ఒకరు 30 శాతం వాటా రాసిస్తే డబ్బు పెడతానంటున్నారు. మీ బావగారు కూడా కొంత సర్దుతానన్నారు. ఈ మూడు దారుల్లో ఏది మేలని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడే వాటా అమ్మకండి. మీరు రాసినదాన్ని బట్టి మీ డబ్బు చాలావరకు మీ ఖాతాదారుల దగ్గరే, అంటే మీ సరుకు కొనేవాళ్ల దగ్గరే, చిక్కుకుని ఉంది. ముందు అది త్వరగా తిరిగి వచ్చేలా చూసుకోండి. అప్పటికీ మిగిలిన లోటుకు వర్కింగ్ క్యాపిటల్ అప్పు, అంటే ముడిసరుకు, జీతాల వంటి రోజువారీ ఖర్చులకు వాడే అప్పు, తెచ్చుకోండి. మెషీను కొనాలనుకుంటే దానికి విడిగా టర్మ్ లోన్ (కొన్నేళ్లపాటు కిస్తీల్లో తీర్చే అప్పు) తీసుకోండి. ఫలితం ఎలా ఉంటుందో ముందుగా చెప్పలేని పనికి డబ్బు కావాల్సి వస్తే అప్పుడు ఇన్వెస్టర్ గురించి ఆలోచిద్దాం.

నేను చాలా ఏళ్లు అప్పులిచ్చే వైపు కూర్చుని చిన్న వ్యాపారాల ఫైళ్లు చూశాను. ఆ తర్వాత నుంచి అలాంటి వ్యాపారులకే లెక్కలు సరిచూసి, బ్యాంకుకో ఇన్వెస్టర్‌కో ముఖం చూపించే ముందు సిద్ధం చేసే పనిలో ఉన్నాను. "పెట్టుబడి కావాలి" అంటూ వచ్చేవాళ్లలో చాలామందిది మీ పరిస్థితే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

లాభం ఉన్నా డబ్బు ఎందుకు ఉండదు?

మీ అంకెలు నా దగ్గర లేవు కాబట్టి ఊహించిన అంకెలతో చెప్తాను. నెలకు 100 అమ్మకం, 80 ఖర్చు అనుకుందాం. అంటే నెలకు 20 లాభం. ముడిసరుకు కొన్నాక అది మీ దగ్గర నెల రోజులు ఉంటుంది. తయారీకి 15 రోజులు. సరుకు పంపాక కొన్నవాళ్లు 60 రోజులకు డబ్బిస్తారు. మొత్తం 105 రోజులు. మీకు ముడిసరుకు ఇచ్చేవాళ్లు 15 రోజుల అరువు ఇస్తారనుకుంటే, మీ జేబులోంచి వెళ్లిన డబ్బు మళ్లీ చేతికి రావడానికి 90 రోజులు పడుతోందన్నమాట. జీతాలూ అద్దే వేరే తేదీల్లో పోతాయి గనుక ఇది మోటు లెక్కే, కానీ నిర్ణయానికి ఇది చాలు. మూడు నెలల ఖర్చు, అంటే 240, ఎప్పుడూ బయట తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆర్డర్లు రెట్టింపయ్యాయి. నెల ఖర్చు 160 అవుతుంది, మూడు నెలలకు 480. అంటే కొత్తగా మరో 240 కావాలి. మీ నెల లాభం 20. పాత లాభంతో ఆ 240 కూడబెట్టాలంటే ఏడాది పడుతుంది. ఆర్డర్లేమో ఏడాది ఆగవు. మీరు పడుతున్న టెన్షన్ అంతా ఈ లెక్కలోనే ఉంది. వ్యాపారం బాగా నడవడమే డబ్బు కొరతకు కారణమవుతోంది.

అదే 90 రోజుల్ని 60కి తగ్గించగలిగితే ఏమవుతుందో చూడండి. రెట్టింపు అమ్మకాలకు రెండు నెలల ఖర్చు, అంటే 320 చాలు. ఇప్పటికే 240 తిరుగుతోంది కాబట్టి కొత్తగా కావలసింది 80 మాత్రమే. ఏ బ్యాంకు చుట్టూ తిరగకుండానే మీ అవసరం మూడో వంతుకు దిగింది.

ఆ 30 రోజులు ఎక్కడ దొరుకుతాయి? చాలామంది ముందుగా ఖాతాదారుణ్ని తొందరపెట్టడం గురించే ఆలోచిస్తారు. నేనైతే ముందు బిల్లు ఏ రోజు వెళ్తోందో చూస్తాను. డబ్బాలు తయారుచేసే ఒకావిడ ఇన్వెస్టర్ కోసం వెతుకుతూ నా దగ్గరకు వచ్చారు. ఆవిడ సరుకు నెలంతా పంపి, బిల్లులన్నీ నెలాఖరున ఒకేసారి వేసేవారు. కొనే కంపెనీ 60 రోజులు లెక్కపెట్టేది బిల్లు తేదీ నుంచి. ఒకటో తారీఖున పంపిన సరుకుకు నిజానికి 90 రోజుల అరువు ఇస్తున్నారన్నమాట. సరుకు వెళ్లిన రోజే బిల్లు వెళ్లేలా మార్చాం. సగటున 15 రోజులు కలిసొచ్చాయి. ఎవరినీ బతిమాలే పని పడలేదు.

తర్వాత అడ్వాన్స్. "అడిగితే ఆర్డర్ పోతుందేమో" అనే భయం అందరికీ ఉంటుంది. పాత ఖాతాదారుల దగ్గర మొదలుపెట్టకండి, కొత్తగా వచ్చేవాళ్లకు మొదటి రోజు నుంచే 30 శాతం అడ్వాన్స్ అనే షరతు పెట్టండి. ప్రత్యేకంగా వాళ్ల కొలతలకు చేసి ఇచ్చే సరుకుకు అడ్వాన్స్ అడగడం ఏ వ్యాపారంలోనైనా సమంజసమే. పాతవాళ్లకు మరోలా చెప్పండి. ముందుగా చెల్లిస్తే 1 శాతం తగ్గింపు ఇస్తానని. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. 60 రోజులకు బదులు 30 రోజులకే డబ్బు వచ్చినందుకు 1 శాతం ఇవ్వడమంటే ఏడాది లెక్కన సుమారు 12 శాతం వడ్డీ కట్టినట్టు. మీకు దొరికే అప్పు వడ్డీ అంతకంటే తక్కువైతే ఆ తగ్గింపు దండగ.

ముడిసరుకు నిల్వ కూడా చూడండి. చవగ్గా వస్తోందని మూడు నెలల సరుకు ఒకేసారి కొనడం చాలామందికి అలవాటు. మూలన పడి ఉన్న ఆ సరుకంతా మీ డబ్బే.

ఈ కిటుకును పెద్ద ఎత్తున వాడుకున్న కంపెనీ డెల్. 1984లో మైఖేల్ డెల్ వెయ్యి డాలర్లతో మొదలుపెట్టాడు. ఖాతాదారు ముందు డబ్బు కట్టి ఆర్డర్ ఇస్తాడు, కంప్యూటర్ ఆ తర్వాత తయారవుతుంది, విడిభాగాలు ఇచ్చినవాళ్లకు ఇంకా తర్వాత డబ్బు వెళ్తుంది. అమ్మకం పెరిగినకొద్దీ చేతిలో డబ్బు పెరిగే ఏర్పాటు అది. మనలాంటివాళ్లం అంతదూరం వెళ్లలేకపోవచ్చు. కానీ ఆ వైపు వేసే ప్రతి అడుగూ మీరు తేవలసిన అప్పును తగ్గిస్తుంది.

ఆ 30 శాతం వాటా ఖరీదు ఎంత?

పై అంకెల్నే తీసుకుందాం. ఆయన 240 పెట్టి 30 శాతం తీసుకుంటారు. మీ ఏడాది లాభం ఇప్పుడు 240. అందులో ఆయన వంతు 72. అమ్మకాలు రెట్టింపై లాభం 480కి చేరితే ఏటా 144. ఇది ఒక ఏడాదితో అయ్యేది కాదు, వ్యాపారం ఉన్నన్నాళ్లూ. అదే 240 మీరు 15 శాతం వడ్డీకి తెస్తే ఏడాదికి 36, అదీ అప్పు తీరేవరకే. ముందు చెప్పినట్టు రోజులు తగ్గించి 80 మాత్రమే తెచ్చుకుంటే వడ్డీ 12. ఈ రెంటినీ పక్కపక్కన ఒక కాగితం మీద రాసుకుని చూడండి.

వాటాకు ఒక గొప్ప గుణం ఉంది, అది కూడా చెప్పాలి. నష్టం వస్తే ఇన్వెస్టర్‌కు మీరు ఏమీ కట్టక్కర్లేదు. అప్పు అలా కాదు, అమ్మకాలు పడిపోయిన నెలలోనూ కిస్తీ కట్టి తీరాలి. కాబట్టి మీ ఆర్డర్లు నిలకడ లేనివైతే, ఒక్క ఖాతాదారు వెళ్లిపోతే సగం అమ్మకం పోయే స్థితి ఉంటే, అప్పు కూడా ఒక హద్దులోనే చేయండి. మీరు రాసిన తీరు చూస్తే కొనేవాళ్లు పలువురు ఉన్నట్టున్నారు. అందుకే అప్పు వైపు మొగ్గు చూపుతున్నాను.

డబ్బు రకం, ఖర్చు రకం కలవాలి

ఇందులో నాకు రాజీ లేదు. మూడు నెలల్లో తిరిగొచ్చే ఖర్చుకు మూడు నెలల డబ్బు, అయిదేళ్లు పనిచేసే మెషీనుకు అయిదేళ్ల డబ్బు. ముడిసరుకుకూ రావలసిన బాకీలకూ ఓవర్‌డ్రాఫ్ట్ లాంటి పరిమితి సరిపోతుంది, అంటే ఖాతాలో డబ్బు లేకున్నా బ్యాంకు ఒప్పుకున్నంతవరకు వాడుకోవడం. వాడుకున్నంతకే వడ్డీ. మంచి పేరున్న కంపెనీ మీ ఖాతాదారైతే, ఆ బిల్లు మీదే ముందుగా డబ్బిచ్చే బిల్ డిస్కౌంటింగ్ సంస్థలుంటాయి. వాళ్లు మీకంటే మీ ఖాతాదారు పరపతినే ఎక్కువ చూస్తారు. ఆస్తి లేని చిన్న వ్యాపారికి ఇది చాలా మంచి దారి. ఒప్పందంలో ఒక్క విషయం మాత్రం తప్పకుండా చదవండి. ఖాతాదారు డబ్బు ఎగ్గొడితే ఆ నష్టం ఆ సంస్థదా, మీదా? ఎక్కువ ఒప్పందాల్లో అది తిరిగి మీ మీదకే వస్తుంది.

నేను చూసిన కేసుల్లో నిలువునా మునిగినవి ఎక్కువగా ఈ రకం కలవనివే. ఒకాయనకు ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి బాగానే ఉండేది. ఆ డబ్బుతో మెషీను కొన్నారు. టర్మ్ లోన్‌కు కాగితాలు ఎక్కువ, ఇది చేతిలోనే ఉంది కదా అని. మెషీను బాగానే పనిచేసింది. కానీ ఓవర్‌డ్రాఫ్ట్‌ను బ్యాంకు ఏటా సమీక్షిస్తుంది. తర్వాతి సమీక్షలో పరిమితి తగ్గించారు. మెషీనులో పడ్డ డబ్బు వెనక్కి రాదు, ముడిసరుకు కొనడానికి డబ్బు లేదు. ఆర్డర్లు చేతిలో ఉండగానే యూనిట్ నెలల తరబడి సగం సామర్థ్యంతో నడిచింది.

బ్యాంకు నిజంగా ఏం చూస్తుంది?

తాకట్టు అడిగారని మీరు బాధపడ్డారు. అప్పు ఇచ్చేవాడి వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. మీ వ్యాపారం పదింతలైనా అతనికి వచ్చేది ఆ వడ్డీయే. మునిగితే మాత్రం అసలే పోతుంది. అందుకే మీ కలల గురించి అతను వినడు. ప్రతి నెలా కిస్తీ ఎక్కడి నుంచి వస్తుందన్నదే అతని ప్రశ్న. దానికి గట్టి జవాబు కాగితం మీద కనిపించనప్పుడే తాకట్టు మీద ఎక్కువ పట్టుబడతాడు. తాకట్టు ఎంత ఉన్నా కిస్తీ కట్టే దారి కనిపించని ఫైలును నేను ముందుకు పంపేవాణ్ని కాదు. ఎందుకంటే ఇల్లు వేలం వేయడం ఏ బ్యాంకుకూ ఇష్టమైన పని కాదు.

ఖర్చులన్నీ పోను మిగిలే డబ్బు, కట్టాల్సిన కిస్తీ వడ్డీల మొత్తానికి కనీసం 1.25 రెట్లు ఉండాలని చాలామంది చూస్తారు. అంటే కిస్తీ 100 అయితే మీకు 125 మిగలాలి. ఈ లెక్క మీరే వేసుకుని వెళ్లండి. ఆ తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్లు. చెక్కులు వెనక్కి వచ్చాయా, నెలాఖరున ఖాతా ఖాళీ అవుతోందా, పన్ను లెక్కల్లో చూపించిన అమ్మకానికీ ఖాతాలో పడ్డ డబ్బుకూ పొంతన ఉందా. చాలామంది పన్ను తగ్గుతుందని అమ్మకాలు తక్కువ చూపిస్తారు, అప్పు కావాల్సినప్పుడు "నిజానికి ఇంతకు రెట్టింపు అమ్ముతాం" అంటారు. కాగితం మీద లేని అమ్మకానికి అప్పు పుట్టదు. పైగా ఆ మాటతో మీ మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంటి ఖర్చూ వ్యాపారం ఖర్చూ ఒకే ఖాతాలో నడుస్తుంటే ఈ రోజే విడదీయండి. ఆరు నెలల శుభ్రమైన స్టేట్‌మెంట్ మీ తరఫున మీకంటే బాగా మాట్లాడుతుంది.

వ్యక్తిగత పూచీ గురించి ఒక మాట. కంపెనీ పెట్టుకుంటే అప్పులు కంపెనీవే, ఇంటిదాకా రావు అనుకుంటారు. సూత్రం అదే. కానీ చిన్న కంపెనీలకు అప్పిచ్చేటప్పుడు యజమాని చేత వ్యక్తిగత పూచీ మీద సంతకం పెట్టించుకోవడం సర్వసాధారణం. ఆ సంతకం పడ్డాక కంపెనీ అనే గోడ ఆ అప్పు విషయంలో లేనట్టే. సంతకం పెట్టొద్దని అనను, చాలాసార్లు వేరే దారి ఉండదు. పూచీకి ఒక పరిమితి రాయించుకోవడానికి, కొన్నేళ్లు సక్రమంగా కట్టాక దాన్ని తీసేసేలా అడగడానికి ప్రయత్నించండి. భార్యో భర్తో కూడా సంతకం పెట్టాలంటే, ఇంట్లో ఆ కాగితం పూర్తిగా చదివి వినిపించాకే పెట్టించండి.

వడ్డీ రేటు విషయంలో చాలామంది మోసపోతారు. "10 శాతం ఫ్లాట్" అంటే తక్కువే కదా అనిపిస్తుంది. ఏడాదిపాటు సమాన నెల కిస్తీల్లో కడితే, తగ్గుతున్న అసలు మీద లెక్కవేసినప్పుడు అది దాదాపు 18 శాతం. రోజువారీ అమ్మకాల్లోంచి కోసుకునే త్వరిత అప్పులు ఇంకా ప్రమాదం. "100 ఇస్తాం, ఆరు నెలల్లో 120 కట్టండి" అంటే 20 శాతమే అనిపిస్తుంది. నెలకు 20 చొప్పున కట్టుకుంటూ పోయినా అది ఏడాదికి 65 శాతం పైమాటే. రోజూ కోసుకుంటే ఇంకా ఎక్కువ. అలాంటి అప్పు తీర్చడానికి మరో అలాంటి అప్పు చేసినవాళ్లు ఎంత నలిగిపోయారో దగ్గర నుంచి చూశాను. దయచేసి ఆ వైపు వెళ్లకండి.

బావగారి డబ్బు

తీసుకోవచ్చు. అది పోయినా ఆయన ఇల్లు గడవాలి, అది మొదటి షరతు. ఆయన రిటైర్మెంట్ కోసం దాచుకున్నదో, పిల్లల చదువులకు పెట్టుకున్నదో అయితే ఆయన ఇస్తానన్నా తీసుకోకండి. రెండోది, అది అప్పా వాటానా అన్నది డబ్బు చేతులు మారకముందే రాసుకోండి. ఒక కాగితం చాలు. ఎంత, ఎప్పటికి, వడ్డీ ఎంత, వ్యాపారం దెబ్బతింటే ఏమవుతుంది, నిర్ణయాల్లో ఆయనకు మాట ఉంటుందా లేదా.

అన్నదమ్ములిద్దరి తగాదా ఒకటి నా దగ్గరకు వచ్చింది. తమ్ముడు మొదట్లో ఇచ్చిన డబ్బును అన్న చేబదులు అనుకున్నాడు. తమ్ముడు అది సగం వాటా అనుకున్నాడు. కొన్నేళ్లపాటు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వ్యాపారం పెద్దదయ్యాక ఎత్తారు. ఇద్దరూ అబద్ధమాడలేదు, ఇద్దరూ నిజంగానే అలా నమ్మారు. కాగితం లేకపోవడం వల్ల చివరికి సరైనవాళ్లెవరో తేల్చే మార్గం లేకపోయింది.

ఇన్వెస్టర్ ఎప్పుడు సరైన మనిషి?

కొత్త ఉత్పత్తి కనిపెట్టాలి, అది పనిచేస్తుందో లేదో రెండేళ్లదాకా తెలియదు. లేదా ఒక మార్కెట్‌ను మరొకరి కంటే ముందు పట్టుకోవాలి, అందుకు లాభం రాకముందే భారీగా ఖర్చు పెట్టాలి. అలాంటి పనికి అప్పు చేయకూడదు. కిస్తీ మొదటి నెల నుంచే వస్తుంది, ఆదాయం రాదు. అక్కడ వాటా డబ్బే సరైనది.

వెంచర్ క్యాపిటల్ సంస్థలు (కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టేవి) ఎలా బతుకుతాయో తెలిస్తే మీరు వాళ్లకు తగినవారో కాదో మీకే తెలుస్తుంది. జార్జ్ డోరియో వంటివారు 1946లో అమెరికాలో పెట్టిన ఏఆర్‌డీ అనే సంస్థ ఈ రంగంలో తొలినాటిది. 1957లో అది డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీలో 70 వేల డాలర్లు పెట్టి 70 శాతం వాటా తీసుకుంది. తర్వాత ఆ కంపెనీ షేర్ మార్కెట్‌కు వెళ్లాక ఆ వాటా విలువ 35 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఒక్కటీ మిగతావాటన్నిటినీ మించిపోయింది. ఈ రోజుకీ లెక్క అదే. పెట్టినవాటిలో చాలా పోతాయి, కొన్ని అసలు తెస్తాయి, ఒకటో రెండో మొత్తం ఫండ్‌ను, అంటే వాళ్లు పెట్టుబడికి పోగేసిన డబ్బునంతా, మోస్తాయి. కాబట్టి ప్రతి కంపెనీలోనూ "ఇది ఎన్నో రెట్లు పెరగగలదా" అని మాత్రమే వెతుకుతారు. ఫండ్ గడువు సాధారణంగా పదేళ్లు. ఆలోపు మీ కంపెనీ అమ్ముడుపోవాలి, లేదా షేర్ మార్కెట్‌కు వెళ్లాలి. ఏటా నిలకడగా లాభం ఇచ్చే చక్కటి వ్యాపారం వాళ్లకు పనికిరాదు. మీరు పది మంది ఇన్వెస్టర్ల చేత కాదనిపించుకుంటే మీ వ్యాపారం పనికిరానిదని అనుకోకండి. వాళ్ల లెక్కకు అది సరిపడదు, అంతే.

వాటా ఇవ్వాల్సి వస్తే ఈ కొన్ని లెక్కలు ముందు తెలిసి ఉండాలి.

వాల్యుయేషన్ మాట్లాడేటప్పుడు అది డబ్బు రాకముందు విలువా, వచ్చాక విలువా అని అడగండి. కంపెనీ విలువ 80 అని, 20 పెడుతున్నారనుకోండి. 80 అనేది ముందు విలువైతే వాళ్ల వాటా 100లో 20, అంటే 20 శాతం. 80లోనే ఆ 20 కలిసి ఉందంటే వాళ్ల వాటా 25 శాతం. ఒక్క మాట తేడాతో కంపెనీలో 5 శాతం చేతులు మారిపోతుంది.

రౌండ్‌కు, అంటే ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు తీసుకునే ఒక్కో విడతకు, 20 శాతం చొప్పున మూడుసార్లు ఇస్తే 60 శాతం పోయి 40 మిగులుతుందని కొందరు, పెద్దగా ఏమీ పోదని కొందరు అనుకుంటారు. నిజానికి 51 శాతం చిల్లర మిగులుతుంది. ఇద్దరు స్థాపకులుంటే తలా పాతిక. ఉద్యోగుల కోసం షేర్లు పక్కన పెడితే ఇంకా తగ్గుతుంది. అందుకే మొదటి రౌండ్‌లోనే 30 శాతం ఇచ్చేస్తే తర్వాత వచ్చేవాళ్లకు ఇవ్వడానికి చోటు ఉండదు. తర్వాతి ఇన్వెస్టర్లు కూడా అది చూసి వెనకాడతారు, స్థాపకుడికి ఇక ఉత్సాహం ఏం మిగులుతుందని.

అన్నిటికంటే ముఖ్యమైనది లిక్విడేషన్ ప్రిఫరెన్స్. కంపెనీ అమ్మినప్పుడు ఎవరికి ముందు డబ్బు వెళ్తుందన్న షరతు ఇది. ఇన్వెస్టర్ 50 పెట్టి 25 శాతం తీసుకున్నాడు, కంపెనీ 60కి అమ్ముడుపోయింది అనుకుందాం. 25 శాతం అంటే 15 కదా అనుకుంటాం. కానీ పెట్టిన డబ్బు ముందు తీసుకునే హక్కుంటే 50 అతనిదే, మీకు 10. "ముందు అసలు, ఆపైన మిగిలినదాంట్లోనూ వాటా" అని రాసి ఉంటే అతనికి 52.5, మీకు 7.5. "రెండింతలు ముందు" అని ఉంటే మొత్తం 60 అతనికే.

ఇది కాగితం మీది భయం కాదు. ఫ్యాన్‌డ్యూయెల్ అనే ఆన్‌లైన్ ఆటల కంపెనీ 2018లో ప్యాడీ పవర్ బెట్‌ఫెయిర్ అనే పందాల కంపెనీ వ్యాపారంతో కలిసింది. అప్పుడు కట్టిన విలువ 46.5 కోట్ల డాలర్లు. ఇన్వెస్టర్లకు ముందుగా చెల్లాల్సిందే 55.9 కోట్ల డాలర్లు. స్థాపకుల మామూలు షేర్లకు ఏమీ దక్కలేదు. విలువ తక్కువ కట్టారంటూ వాళ్లు కోర్టుకు వెళ్లారు. వార్తల్లో పెద్ద పెద్ద వాల్యుయేషన్లు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. వాల్యుయేషన్ కాస్త తగ్గినా, షరతులు శుభ్రంగా ఉన్న ఒప్పందమే తీసుకోమని నేను ఎప్పుడూ చెప్తాను.

సేఫ్ అనే పద్ధతి గురించి కూడా వినే ఉంటారు. కొత్త కంపెనీలకు తొలి పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ అనే అమెరికా సంస్థ 2013లో తెచ్చింది. ఇప్పుడు డబ్బు తీసుకుని, షేర్లు తర్వాతి రౌండ్‌లో ఇస్తామనే ఒప్పందం. వడ్డీ లేదు, గడువు లేదు, కాగితాలు తక్కువ. సులువు కాబట్టే కొందరు ఒకదాని మీద ఒకటి సంతకాలు పెట్టుకుంటూ పోతారు. అవన్నీ ఒకేసారి షేర్లుగా మారిన రోజు తమ వాటా చూసి నివ్వెరపోతారు. ప్రతి సేఫ్ రాసినప్పుడూ, అన్నీ ఈ రోజే షేర్లుగా మారితే నాకెంత మిగులుతుందని లెక్క వేసుకోండి. చట్టం చోటును బట్టి మారుతుంది కాబట్టి సంతకానికి ముందు ఇలాంటివి చేసిన న్యాయవాదికి చూపించండి. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయకండి.

మీకు భాగస్వామి ఉంటే, బయటి డబ్బు రాకముందే మీ ఇద్దరి మధ్య వెస్టింగ్, అంటే పనిచేసిన కాలాన్ని బట్టి వాటా కొంచెం కొంచెంగా సొంతమయ్యే షరతు, రాసుకోండి. సాధారణంగా నాలుగేళ్లు, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాదు. మధ్యలో వెళ్లిపోయిన మనిషి పేరున సగం కంపెనీ ఉండిపోతే ఏ ఇన్వెస్టరూ రాడు.

జనం దగ్గర ముందుగా డబ్బు తీసుకోవడం

మీ సరుకు నేరుగా వాడేవాళ్లకు అమ్మేదైతే ఇదీ ఒక దారే. ఇలా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్ 2009లో మొదలైంది. అక్కడ పెట్టుకున్న లక్ష్యం పూర్తిగా చేరితేనే డబ్బు చేతికొస్తుంది. పెబుల్ అనే స్మార్ట్‌వాచ్ 2012లో కోటి డాలర్లకు పైగా సేకరించింది. ఆ కంపెనీ 2016లో మూతపడి, దాని ఆస్తుల్లో కొన్నిటిని ఫిట్‌బిట్ కొనుక్కుంది. ముందస్తు ఆర్డర్లు గిరాకీ ఉందని రుజువు చేస్తాయి. అంతవరకే. సరుకు తయారీ ఖర్చు, పంపే ఖర్చు సరిగ్గా లెక్కవేయకపోతే అందుకున్న డబ్బంతా అప్పులాగే మెడకు చుట్టుకుంటుంది. మీరు ఇతర కంపెనీలకు సరఫరా చేస్తున్నారు కాబట్టి మీకు ఇది అంతగా పనికిరాదు. ఖాతాదారుల అడ్వాన్సే మీకు దీనికి సమానం.

"మెయిల్‌చింప్ బయటి పెట్టుబడి లేకుండానే పెరిగింది కదా" అని కూడా మీరు రాశారు. నిజమే. ఈమెయిల్ ప్రచారాలకు వాడే ఆ సేవ 2001లో మొదలై, ఇన్వెస్టర్లు లేకుండా ఎదిగి, 2021లో సుమారు 1,200 కోట్ల డాలర్లకు ఇన్‌ట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్లింది. అయితే అది సాఫ్ట్‌వేర్. ముడిసరుకు లేదు, గోదాము లేదు, నెల నెలా చందా ముందే వస్తుంది. 105 రోజుల చక్రం మోసే తయారీదారు వాళ్లతో పోల్చుకుని కుంగిపోవలసిన పని లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది

ముందు 13 వారాల డబ్బు లెక్క వేయండి. వారం వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది, చివర ఎంత మిగులుతుంది. ఖచ్చితంగా ఉండక్కర్లేదు. ఏ వారంలో మునుగుతారో కనిపిస్తే చాలు. ప్రతి వారం చివర నిజంగా ఏం జరిగిందో పక్కన రాస్తూ వెళ్లండి. రెండు నెలలు తిరిగేసరికి మీ అంచనాలు ఎక్కడ తప్పుతున్నాయో మీకే తెలుస్తుంది. బ్యాంకులో ఆ కాగితం చూపిస్తే ఎదుటి మనిషి మాట తీరే మారుతుంది. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు ఇలాంటి కాగితంతో వచ్చేవాళ్లు చాలా అరుదు.

అప్పు అవసరం పడకముందే అడగండి. ఖాతా ఖాళీ అయ్యాక అడిగితే రేటు పెరుగుతుంది, షరతులు పెరుగుతాయి, లేదంటే అసలు దొరకదు. కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. ఒక్క చోటే ఆశ పెట్టుకోకుండా రెండు మూడు చోట్ల అడగండి. ఎవరైనా కాదంటే కారణం అడగండి. చాలామంది చెప్తారు, ఆ కారణమే మీరు తర్వాత సరిచేసుకోవాల్సిన పని.

ఎంత అడగాలన్నది ఫలానా పని పూర్తయ్యేదాకా అయ్యే ఖర్చును బట్టి తేల్చండి. దానికి ఆలస్యాల కోసం కొంత కలపండి. గుండ్రటి అంకె చెప్పి, "దేనికి" అని అడిగితే తడబడటం ఫైలును అక్కడే చంపేస్తుంది.

పెట్టుబడి ఇప్పిస్తామంటూ ముందుగానే ఫీజు అడిగే మధ్యవర్తులకు దూరంగా ఉండండి. పని అయ్యాక ఇచ్చే ఫీజు వేరు, ముందే కట్టించుకునే "ప్రాసెసింగ్" వేరు.

ఆ 30 శాతం ఆయనకు వెంటనే కాదని చెప్పేయకండి కూడా. ఆరు నెలలు ఆగమనండి. ఈలోగా 90 రోజులు 60కి దిగితే మీ వ్యాపారం విలువ పెరుగుతుంది. అప్పుడు ఆయన డబ్బు కొత్త ఉత్పత్తికి పనికొస్తుందేమో చూడొచ్చు, అదీ ఇంతకంటే చాలా తక్కువ వాటాకు. ఆయన వ్యాపారానుభవం, పరిచయాలు మీకు నిజంగా ఉపయోగపడేవైతే అది కూడా లెక్కలోకి తీసుకోండి. డబ్బు మాత్రమే ఇచ్చే మనిషికీ, పెద్ద ఖాతాదారు తలుపు తెరిపించే మనిషికీ ఒకే ధర కట్టకూడదు.

వీలైతే మూడు అంకెలు ఇక్కడ రాయండి. సరుకు పంపాక సగటున ఎన్ని రోజులకు డబ్బు వస్తోంది, మొత్తం అమ్మకంలో అతి పెద్ద ఖాతాదారు వంతు ఎంత శాతం, ఇప్పటికే ఉన్న అప్పుల నెల కిస్తీ మీ నెల లాభంలో ఎంత. పేర్లు, వివరాలు అక్కర్లేదు. అవి చూస్తే ఓవర్‌డ్రాఫ్ట్ ఎంత అడగవచ్చో, బిల్ డిస్కౌంటింగ్ మీకు కుదురుతుందో లేదో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.